నోట్స్ యాప్ ఎంచుకునే ముందు ఈ పరీక్ష పెట్టండి

ఒకదానికొకటి లింక్ చేసుకునే నోట్స్ కోసం అబ్సిడియనా, లాగ్‌సెక్కా, నోషనా అని ఊగిసలాడుతున్నారా? ముందుగా, నోట్స్‌ను చుక్కలుగా, లింకులను గీతలుగా చూపే గ్రాఫ్ బొమ్మ చూసి పడిపోకండి. చుక్కలూ గీతలూ చూడ్డానికి భలే ఉంటాయి గానీ, రోజువారీ పనిలో దాన్ని తెరిచేది తక్కువే.

ప్రతి యాప్‌లోనూ ఐదారు నోట్స్ రాసి, [[నిద్ర]] అంటూ జంట బ్రాకెట్లతో లింకులివ్వండి. తర్వాత ఆ నోట్ పేరును ‘నిద్రలేమి’గా మార్చండి. మిగతా నోట్స్‌లో లింకులు వాటంతటవే మారాయా? అది చూశాక యాప్ మూసేసి, ఫైళ్లను (నోషన్‌లోనైతే బయటకు తీసినవాటిని) మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరవండి. అసలు రంగు అక్కడే బయటపడుతుంది.

అబ్సిడియన్ నోట్స్ మీ కంప్యూటర్ ఫోల్డర్లోనే మార్క్‌డౌన్ (సాదా టెక్స్ట్) ఫైళ్లుగా ఉంటాయి కాబట్టి, యాప్ లేకున్నా హాయిగా చదువుకోవచ్చు. మార్క్‌డౌన్ ఫైళ్లతో నడిచే లాగ్‌సెక్‌లో నోట్‌లోని ఒక్క బుల్లెట్ పాయింట్‌కు కూడా లింక్ ఇవ్వొచ్చు. రోజూ డైరీలా రాసేవాళ్లకు ఇది బాగా కుదురుతుంది. కాకపోతే ఆ లింక్ ఫైల్లో అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవాటి కోడ్‌లా కనిపిస్తుంది, చూస్తే ఏమీ అర్థం కాదు. నోషన్ ఆన్‌లైన్‌లో నడిచేది, నోట్స్ బయటకు తీయాలంటే ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. పట్టికలకూ, నలుగురు కలిసి చేసే పనికీ మాత్రం నేను దానివైపే మొగ్గుతాను.

సొంత ఆలోచనలు రాసుకోవడానికైతే నా ఓటు అబ్సిడియన్‌కే. నోట్స్‌ను ఫోన్, కంప్యూటర్ రెండింట్లో ఒకేలా ఉంచే దాని సొంత సింక్‌కు డబ్బు కట్టాలి, అది ముందే లెక్కలో వేసుకోండి.