ఊరి చెరువు చుట్టు పిట్టల నడక: మాఘం చివర నుంచి చైత్రం దాకా

పిట్టలను చూడాలంటే జూరాలకో, కోయిల్‌సాగర్‌కో, పానగల్లు ఉదయసముద్రానికో పోవాలనుకుంటారు చాలామంది. పోవచ్చు, తప్పేం లేదు. కానీ ఫిబ్రవరి నడుమ నుంచి ఏప్రిల్ ఆఖరు దాకా అసలు సంగతి తెలిసేది మీ ఊరి చెరువు దగ్గరే. ఈ కాలంలో ముఖ్యంగా జరిగేది వెళ్లిపోవడం. చలికాలపు పిట్ట వచ్చిన రోజు ఎవరి కంటైనా పడుతుంది. అది వెళ్లిన రోజు మాత్రం వారం వారం అదే దారిలో నడిచేవాళ్లకే చిక్కుతుంది. ఏడాదికోసారి పోయే చోట ఆ తేదీ దొరకనే దొరకదు.

దారి పెట్టుకోవడం

రెండు కిలోమీటర్లు చాలు. అందులో నాలుగు రకాల నేల ఉండాలి: నీళ్లూ బురదా, తడి పొలం, ఎండు చెల్క, పెద్ద చెట్లు. పాలమూరు, నల్లగొండ వైపు ఏ ఊళ్లోనైనా ఈ నాలుగూ దగ్గర దగ్గరే ఉంటాయి. ఊరి అంచున చింతతోపులో మొదలై, కట్ట ఎక్కి, తూము దాటి మత్తడి (నిండిన నీళ్లు పొర్లిపోయే చోటు) దాకా పోయి, మత్తడి కింది ఒర్రె వెంట ఆయకట్టులోకి దిగి, పాత మోటబాయి మీదుగా చెల్కకు, అక్కణ్నుంచి గుట్ట మొదట్లో ఉన్న మోదుగల దాకా పోతే సరి. నెమ్మదిగా నడుస్తూ, మధ్యలో ఆగేది కలుపుకుని రెండున్నర గంటలు పడుతుంది. ఐదు కిలోమీటర్ల దారి పెట్టుకుంటే తొందర మొదలవుతుంది. అప్పుడు కొంగలూ గద్దలూ తప్ప చిన్న పిట్టలు చేతికి రావు.

నిలబడే చోట్లు ఏడెనిమిది ముందే ఖాయం చేసుకోండి. ఒక్కో చోట ఐదు నిమిషాలు, చెరువు దగ్గర మాత్రం ఇరవై. ఆగిన మొదటి రెండు నిమిషాల్లో ఏమీ కనబడదు. మిమ్మల్ని చూసి ముడుచుకున్నవి మూడో నిమిషం నుంచి కదులుతాయి. జనం సరిగ్గా ఆ రెండో నిమిషంలోనే ముందుకు పోతుంటారు.

ఫిబ్రవరి నడుమ ఇక్కడ పొద్దు ఆరూముప్పావుకు పొడుస్తుంది, ఏప్రిల్ నడుమకు ఆరు దాటగానే. దానికి పదిహేను నిమిషాల ముందే చింతతోపులో ఉండాలి. పసులపోలిగాడు చీకటుండగానే అందుకుంటుంది, ఆ వెనక కౌజులు, మార్చి నుంచి కోకిల. పొద్దు బారెడెక్కాక నీళ్ల దగ్గరకు పోవాలి. ఎండ మీ వీపు మీద పడేలా నిలబడండి: పొద్దున చెరువుకు తూర్పు పక్క, సాయంత్రం పడమటి పక్క. కట్ట పడమట ఉంటే పొద్దున కట్ట మీది నుంచి చూడటం దండగ. శిఖం (చెరువు నీళ్లు నిలిచే నేల) వైపు తిరిగిపోయి తూర్పు ఒడ్డు నుంచి చూడాలి. ఎదురెండలో చూస్తే నీళ్ల మీద ప్రతి పిట్టా నల్లగానే కనిపిస్తుంది. తొమ్మిది దాటితే బురద మీద వేడిగాలి ఆడుతుంది, ఎంత మంచి బైనాక్యులర్‌లోనైనా కాళ్ల రంగు తెలియదు. నీళ్ల పని అప్పటికి ముగించుకోవాలి.

చీకట్లో చెల్క గెట్ల మీదికి మాత్రం పోవద్దు. అడవిపందుల కోసం పల్లి చేలు, జొన్న చేల చుట్టూ కొన్నిచోట్ల కరెంటు తీగలు లాగుతారు. అది నేరం. అయినా లాగుతున్నారు, మనుషులూ చనిపోతున్నారు. తెల్లగా తెల్లారాకే చెల్క. వరి గెట్ల మీద రక్తపింజర భయం ఉంటుంది కాబట్టి చెప్పులు కాదు, బూట్లు.

బైనాక్యులర్

8×42 కొనండి. 8 అంటే ఎన్నింతలు పెద్దగా చూపుతుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 10×42 లో చెయ్యి వణుకు ఎక్కువ తెలుస్తుంది, కనబడే మేర తగ్గుతుంది. జాతరలో అమ్మే ఇరవై ఇంతల బొమ్మలు ఎందుకూ పనికిరావు.

కొన్న రోజే సరిచేసుకోవాలి. యాభై మీటర్ల దూరంలో తాటిచెట్టుకు కట్టిన లొట్టి ఉందనుకోండి. కుడి అద్దం ముందు అరచెయ్యి అడ్డం పెట్టి, ఎడమ కంటితో చూస్తూ నడిమి చక్రం తిప్పి లొట్టి అంచు గీత గీసినట్టు కనబడేలా చెయ్యాలి. తర్వాత చక్రం ముట్టుకోకుండా, చెయ్యి ఎడమ అద్దానికి మార్చి, కుడి కంటి దగ్గరి రింగు తిప్పి అదే అంచు స్పష్టం చేసుకోవాలి. రింగు ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకోండి. ఇంకొకరి చేతికిస్తే అది కదులుతుంది, ఆ తర్వాత ఎంత చూసినా తలనొప్పే. కళ్లద్దాలవాళ్లు కంటి రబ్బరు తొడుగులు కిందికి దించుకోవాలి.

పిట్ట కనబడగానే కళ్లు దించి బైనాక్యులర్ వెతుక్కోవద్దు. చూపు పిట్ట మీదే ఉంచి, దాన్ని కళ్ల ముందుకు తెచ్చుకోవాలి. ఇది ఒక్కటి వస్తే సగం పని వచ్చినట్టే.

బురద అంచు

యాసంగి వరికి నీళ్లు వదులుతున్నకొద్దీ చెరువు వెనక్కి తగ్గి, శిఖంలో కొత్త బురద తేలుతుంది. ఈ కాలంలో అన్నిటికన్నా ముఖ్యమైన చోటు అదే, ఎక్కువసేపు అక్కడే గడపాలి. నీళ్ల అంచుకు అటు రెండు గజాలు, ఇటు రెండు గజాలు నెమ్మదిగా తుడుచుకుంటూ చూడండి. బురద రంగులో ఉండే ఉల్లంకులు కదిలితేనే కనబడతాయి.

ఉల్లంకుల్లో మొదట తికమక పెట్టేవి మూడు: వరుసగా కామన్, వుడ్, గ్రీన్ శాండ్‌పైపర్లు. ఒకటి అస్తమానం తోక ఎత్తి దించుతుంటుంది, రొమ్ముకూ రెక్కకూ మధ్య తెల్లటి చీలిక భుజం మీదికి ఎక్కి ఉంటుంది. ఎగిరితే నీళ్లకు ఆనుకుని, రెక్కలు బిగబట్టి వణికిస్తూ పోతుంది. రెండోదానికి వీపు నిండా తెల్ల చుక్కలు, కంటి మీద పొడుగాటి తెల్ల గీత, పసుపు ఛాయ కాళ్లు. తరచూ గుంపుగా ఉంటుంది. మూడోది వీపు ముదురు, చుక్కలు బాగా చిన్నవి, ఒంటరిది. ఒర్రె మలుపులో ఉలిక్కిపడి లేస్తే ఒళ్లంతా నల్లగా, తోక మొదలు మాత్రం తెల్లగా మెరుస్తుంది. రెండోదానికీ తోక మొదలు తెలుపే, కాబట్టి తెలుపు ఒక్కటే చూసి పేరు పెట్టొద్దు. రెక్క కింద చూడండి. మూడోదానికి అక్కడ నలుపు, రెండోదానికి లేత రంగు. గులాబి రంగు పొడుగు కాళ్లతో నలుపూ తెలుపూగా నిలబడేదాంతో ఏ తికమకా లేదు.

బాతుల దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. సూదితోక బాతులు, చారల తల బాతులు, బంగారు రంగు జక్కవలు మార్చిలో పలచబడతాయి. ముక్కు కొసన పసుపు మచ్చ ఉన్న బాతులు, ఈల వేస్తూ ఎగిరేవి ఇక్కడివే, ఎక్కడికీ పోవు. ఏప్రిల్‌లో ఇవి కనబడగానే ‘వలస బాతులు ఇంకా ఉన్నాయి’ అని రాసేస్తారు. తోకాడించే పిట్టలతోనూ అంతే: తల నల్లగా, తెల్లటి కనుబొమతో ఉండే పెద్ద కాటుకపిట్ట ఏడాదంతా ఇక్కడే ఉంటుంది. పొట్ట పసుపుగా, తడి గడ్డిలో పశువుల కాళ్ల మధ్య తిరిగేది వలసది. వెళ్లేముందు దాని పసుపు మరీ చిక్కనవుతుంది.

రంగు మారేవి కూడా కొత్త జాతులని మోసం చేస్తాయి. గుడ్డికొంగ వీపు ఎండాకాలం వచ్చేసరికి ముదురు కుంకుమ రంగుకు తిరుగుతుంది, పశువుల వెంట తిరిగే తెల్లకొంగ తలా మెడా నారింజ రంగుకు వస్తాయి. ముక్కు, నడక చూడండి, రంగును తర్వాత నమ్ముదురుగాని.

చెరువులో వలలు వేసే రోజు పోయి లాభం లేదు. మర్నాడు పోతే మిగిలిన చిన్నచేపల కోసం కొంగలు, నల్ల కంకణాలు (ఐబిస్ పిట్టలు), ఎర్రకాళ్ల కొంగలు ఒక్కచోట చేరి ఉంటాయి.

చెల్కలో అడుగు జాగ్రత్త

తీతువులు రెండు. కంటి ముందు ఎర్ర తోలు, రొమ్ము నలుపు ఉన్నది నీళ్ల పక్కన. ముక్కు పక్కన పసుపు తోలు వేలాడుతూ, నల్ల టోపీ పెట్టుకున్నట్టుండేది ఎండు చెల్కలో, బంచరాయిలో. మార్చి నుంచి రెండూ నేల మీదే గుడ్లు పెడతాయి, మామూలుగా నాలుగు. గూడు అంటూ ఉండదు. చిన్న గుంత, చుట్టూ నాలుగు గులకరాళ్లు, మేకపెంటికలు. గుడ్ల మచ్చలు మట్టిలో కలిసిపోయి, పాదం పక్కనే ఉన్నా కనబడవు.

తీతువు నెత్తి మీదికి దూసుకొస్తున్నా, రెక్క విరిగినట్టు నేల మీద కొట్టుకుంటున్నా గుడ్లో పిల్లలో దగ్గర్లోనే ఉన్నట్టు. వెతకొద్దు. ఉన్నచోటే ఆగి, మీ అడుగులు చూసుకుంటూ వచ్చిన దారినే వెనక్కి రండి. తల్లి పొదగడం గుడ్లకు వేడి ఇవ్వడానికే కాదు, ఎండ నుంచి కాయడానికి కూడా. పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. పది గంటల ఎండలో మీరు ఫొటో కోసం పావుగంట అక్కడే నిలబడితే గుడ్లు ఉడికిపోతాయి. మీరు వెళ్లాక మీ జాడ పట్టి కుక్కలూ కాకులూ వస్తాయి, అది వేరే సంగతి.

పూడిక మట్టి తవ్విన గుంతలు చూడండి, మిషన్ కాకతీయ పనుల తర్వాత చాలా చెరువుల్లో ఇవి మిగిలాయి. జేసీబీ నిలువుగా కోసిన మట్టి గోడలో రూపాయి బిళ్లకంటే కాస్త పెద్ద బొక్కలుంటే పసరిక పిట్టలవి కావచ్చు. బొక్క కింద తాజాగా రాలిన మట్టి ఉంటే ఈ ఏటిదే. ఇరవై గజాల దూరంలో కూర్చుంటే తూనీగను ముక్కున పట్టి తెచ్చి, కొమ్మకు బాది, లోపలికి దూరడం చూడొచ్చు. బొక్కలో పుల్ల పెట్టి చూసే పిల్లలను ఆపండి.

మోదుగ, తాటి, మోటబాయి

మోదుగ పూసే పదిహేను ఇరవై రోజులు ఆ చెట్టు కింద కూర్చున్నవాళ్లకు నడవాల్సిన పనే లేదు. పొద్దు పొడిచాక మొదటి రెండు గంటలే పూలలో తేనె దండిగా ఉంటుంది. గులాబి గోరింకలు గుంపులుగా దిగుతాయి: తలా రెక్కలూ తోకా నలుపు, మిగతా ఒళ్లు గులాబి, పిల్లవి మట్టి రంగులో ఉంటాయి. ఏప్రిల్ ఆఖరుకల్లా ఇవి ఉండవు. గుంపును ఒక్కొక్కటీ లెక్కపెట్టలేరు. పది పిట్టలు ఎంత చోటు పట్టాయో చూసి, ఆ చోటు గుంపులో ఎన్నిసార్లు పడుతుందో చూసుకోండి. ‘చాలా’ అని రాస్తే వచ్చే ఏడు దాంతో దేన్నీ పోల్చలేరు.

మోడు తాటి కొసన పొక్క ఉంటే పాలపిట్ట జత కోసం చూడండి. మార్చి నుంచి మగది ఎత్తుకెగిరి, అరుస్తూ దొర్లుతూ దిగుతుంది. రాష్ట్ర పక్షిని దసరాకే తలుచుకుంటాం కానీ చూడాల్సింది ఇప్పుడు. మోటబాయి మీదికి వంగిన కొమ్మలకు నిరుటి గిజిగాని గూళ్లు వేలాడుతుంటాయి. ఖాళీవని వదిలెయ్యకండి, చిన్న చిన్న జీనువాయిలు కొన్నిసార్లు వాటిలో కాపురం పెడతాయి. బాయి ఒరను మాత్రం నమ్మొద్దు, నాలుగడుగులు దూరంగానే నిలబడండి.

మనుషులు

హైదరాబాద్ రోడ్ల పక్క ఊళ్లలో మెడలో బైనాక్యులర్, చేతిలో పుస్తకం ఉన్నవాణ్ని భూమి కొలిచేవాడనో ప్లాట్లు వేసేవాడనో అనుకుంటారు. అనుమానం సహజమే. అడిగేదాకా ఆగకుండా ‘పెద్దాయనా, పిట్టలు చూస్తున్న, మీ గెట్టు మీద నుంచి పోవచ్చునా’ అని ముందే అనండి. ఒకసారి బైనాక్యులర్ కళ్లకు పెట్టి చూపించండి. గొర్లు కాసే తాతలకు ఏ పిట్ట ఎక్కడ పండుకుంటుందో తెలుసు. గూడు ఎక్కడని మాత్రం పదిమందిలో అడగొద్దు. కౌజులకూ పూరేళ్లకూ ఉచ్చులు పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు.

రాసుకోవడం

మొదలైన సమయం, ముగిసిన సమయం, దూరం, ప్రతి పిట్టా ఎన్ని. దాంతోపాటు నీళ్ల మట్టం: కట్ట రాళ్ల వరుసల్లో పైనుంచి ఎన్ని తేలాయో లెక్కపెట్టండి. ‘మార్చి 9, 6:15 నుంచి 8:40, 2 కి.మీ., 7 వరుసలు తేలినవి, తూముకు ఎడమ బురద’ అంటే చాలు. బురద లేని వారం ఉల్లంకులు లేకపోతే అవి వెళ్లినట్టు కాదు.

ఈబర్డ్‌లో (చూసిన పిట్టల జాబితాలు పెట్టే వెబ్‌సైటు, యాప్) పెట్టేటప్పుడు మొత్తం నడకను ఒకే జాబితాగా కాకుండా చెరువు, చెల్క వేరువేరుగా పెడితే తర్వాత పనికొస్తుంది. చూసినవన్నీ, విన్నవన్నీ రాస్తేనే ‘పూర్తి జాబితా’ అని నొక్కండి. మెర్లిన్ యాప్ గొంతు విని చెప్పే పేరును సూచనగానే తీసుకోండి. పసులపోలిగాడు చిన్నడేగ అరుపును అచ్చంగా అనుకరిస్తుంది. యాప్ డేగ అంటుంది, మీరూ డేగ అని రాస్తారు. కంటితో చూసేదాకా ఆగండి. గూళ్లు కట్టే కాలం కాబట్టి ఫోన్‌లో కూత వినిపించి పిలవొద్దు.

ప్రతి వలస పిట్టకూ ఆఖరి తేదీ రాయడానికి ఒక పద్ధతి ఉంది. కనబడని మొదటి వారమే గీత కొట్టెయ్యకుండా, వరుసగా రెండు నడకల్లో లేదంటేనే అంతకుముందు కనబడిన రోజును ఆఖరి తేదీగా వేసుకోండి. వారం తప్పిపోతే ఆ గడిని ఖాళీగా వదలండి, సున్నా పెట్టొద్దు. ఏప్రిల్ దాటినా పసుపు పొట్ట పిట్ట ఒకటీ అరా మిగిలి ఉండొచ్చు, అందుకని మే మొదటి రెండు వారాలూ పొద్దున గంటసేపు చెరువు వరకైనా పోయి రండి.