సిమెంటు రోడ్డు శాస్త్రం – 6వ పాఠం: మధ్యాహ్నం పూట లాగుడు ఏ ముఖంలో?

పోయిన పాఠం చివర అడిగిన ప్రశ్న చిన్నదే. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. 20 సెంటీమీటర్ల మందం, 4 మీటర్ల పొడవు ఉన్న సిమెంటు పలక. దాని పైముఖం అడుగు ముఖంకంటే 16 డిగ్రీలు వేడిగా ఉంది. లాగుడు, అంటే కాంక్రీటును రెండు వైపులా లాగి పగలదీసే ఒత్తిడి, ఏ ముఖంలో పుడుతుంది? వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ‘పైముఖంలో’ అన్నాయి. చెప్పిన కారణమూ ఒకటే: వేడికి పైభాగం సాగుతుంది, సాగడమంటే లాగుడే కదా అని.

ఆ జవాబు తప్పు. దీన్ని ఇక్కడే సరిదిద్దుకోకపోతే పగులు ఎక్కడ మొదలవుతుందో, ఏ వేళ మొదలవుతుందో, జాయింటు (పలకల మధ్య కోసి వదిలే సందు) ఎంత దూరానికి కొయ్యాలో అన్నీ తలకిందులవుతాయి. అందుకే ఈసారి చెప్పాలనుకున్న డోవెల్ కడ్డీలను (జాయింటు దగ్గర రెండు పలకలను కలిపే ఇనుప కడ్డీలు) పక్కన పెట్టాను.

ముందుగా ఒక చిన్న సవరణ. కొందరు ఆ 16 డిగ్రీలను పగటికీ రాత్రికీ మధ్య తేడా అనుకున్నారు. పగలు, రాత్రి తేడా పలక మొత్తాన్ని పొడిగిస్తుంది, కుదిస్తుంది, జాయింటును మూసి తెరుస్తుంది. అది నాలుగో పాఠంలో అయిపోయింది. ఇప్పుడు మాట్లాడుతున్నది ఒకే క్షణంలో పైముఖానికీ అడుగు ముఖానికీ మధ్య ఉన్న తేడా గురించి. పలకను వంచేది ఇదే.

ఇక అసలు విషయం. ఒక ఇనుప కడ్డీని బల్ల మీద ఊరికే పెట్టి వేడి చేయండి. పొడవు పెరుగుతుంది, లోపల లాగుడూ లేదు, నొక్కుడూ లేదు. అదే కడ్డీని రెండు గోడల మధ్య బిగించి వేడి చేయండి. పొడవు పెరగదు, కానీ లోపల విపరీతమైన నొక్కుడు పుడుతుంది. అంటే సాగినప్పుడు ఏమీ లేదు, సాగనివ్వనప్పుడే ఒత్తిడి ఉంది. వేడి వస్తువు కోరేది పెరగడం, దాన్ని ఆపితే వచ్చేది నొక్కుడు. చల్లబడే వస్తువు కోరేది కుదించుకోవడం, దాన్ని ఆపితే వచ్చేది లాగుడు. వేడి, చలి వల్ల వచ్చే ప్రతిబలం (లోపల పుట్టే లాగుడు లేదా నొక్కుడు) ఎప్పుడూ అడ్డగింపు వల్ల పుడుతుంది. కదలిక వల్ల పుట్టదు.

ఇప్పుడు దీన్ని పలకకు పట్టించండి. పలకకు బరువే లేదని, గాలిలో తేలుతోందని అనుకోండి. పైముఖం వేడెక్కింది, పెరిగింది. అడుగు ముఖం అంత పెరగలేదు. పలక నడుమ ఉబ్బి, అంచులు కిందికి దిగి గుమ్మటంలా వంగుతుంది. పైనుంచి అడుగుదాకా ఉష్ణోగ్రత ఒకే వాలున తగ్గుతూ ఉంటే ఆ వంగిన పలకలో ఎక్కడా ప్రతిబలం ఉండదు. సున్నా. చాలామందికి ఇక్కడే నమ్మకం కుదరదు. అంత వంగాక సున్నా ఎలా అంటారు. ఎవరూ అడ్డగించలేదు కాబట్టి సున్నా.

ఇప్పుడు బరువు తిరిగి ఇవ్వండి. నడుమ భాగం నేలను వదిలి లేవాలని చూస్తోంది, అంచులు నేలను ఒత్తుతున్నాయి. పలక సొంత బరువు నడుమను కిందికి నొక్కుతుంది. రెండు చివరలా ఆనుకుని నడుమ కుంగే దూలంలో ఏం జరుగుతుందో రెండో పాఠంలో చూశాం: అడుగున లాగుడు, పైన నొక్కుడు. ఇక్కడా అంతే. కాబట్టి మధ్యాహ్నం లాగుడు అడుగు ముఖంలో. ఆ సమయంలో నిండు లారీ చక్రం పలక అంచు నడుమ మీదికి వస్తే అదీ అడుగునే లాగుతుంది. రెండూ కలుస్తాయి. అడుగున మొదలై పైకి పాకే పగులు కథ ఇదే.

రాత్రి అంతా తిరగబడుతుంది. పైముఖం ముందు చల్లబడుతుంది, కుదించుకుంటుంది, మూలలు పైకి లేస్తాయి. లేచిన మూలలను వాటి బరువు కిందికి లాగుతుంది, పైముఖంలో లాగుడు వస్తుంది. తెల్లవారుజామున ఇసుక ట్రాక్టరో, టెక్కలి వైపు నుంచి గ్రానైటు దిమ్మలతో వచ్చే లారీయో ఆ లేచిన మూల ఎక్కితే పగులు పైనుంచి కిందికి దిగుతుంది. ఎండకు రోడ్డు పగిలిందని ఊళ్లో అంటుంటారు. మూలలు విరిగిన పలకలను చూసినప్పుడు నేను ముందు అడిగేది ఆ దారిన రాత్రిపూట ఏ బళ్లు తిరుగుతాయని.

బొబ్బిలి నుంచి వచ్చిన ఒక జవాబు ఈ చర్చకు బాగా పనికొస్తుంది. ఆయన ఊరి రోడ్డులో జాయింట్లు 6 మీటర్లకు ఒకటి ఉన్నాయట. మధ్యాహ్నం పొడవాటి అల్యూమినియం పట్టీ పెట్టి చూస్తే పలక నడుమ ఉబ్బు కనిపించలేదు. వంపు లేదు కాబట్టి ఆ పలకకు వేడి వల్ల ప్రతిబలం లేదని తేల్చారు. కొలత సరైనదే, తీర్పు తిరగబడింది. పొడవాటి పలక నడుమ భాగం వంగాలని చూసినా చుట్టూ ఉన్న బరువు దాన్ని చదునుగా అణిచిపెట్టింది. చదునుగా ఉండటమే అక్కడ అడ్డగింపుకు గుర్తు. ఒక మీటరు పలక స్వేచ్ఛగా వంగుతుంది, దాదాపు ప్రతిబలం లేకుండా బతుకుతుంది. ఆరు మీటర్ల పలక వంగలేక నడుమ పూర్తి ప్రతిబలాన్ని మోస్తుంది. రెండింటిలో కంటికి బాగా చదునుగా కనిపించేది రెండోదే.

లెక్క చూద్దాం. ఇంజనీరింగు ఆచార్యుడు వెస్టర్‌గార్డ్ 1927లో ఈ వంపు ప్రతిబలాలకు పునాది వేశారు. ఇంజనీరు బ్రాడ్‌బరీ 1938లో వాటిని చేతి లెక్కకు అందే గుణకాలుగా మార్చారు. మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి సిమెంటు రోడ్ల డిజైను నియమావళి ఐ.ఆర్.సి. 58లోనూ చాలాకాలం వాడుకలో ఉన్నవి అవే. అంచు దగ్గర ప్రతిబలం కావాలంటే కాంక్రీటు స్థితిస్థాపక గుణకం (ఎంత బిగువో చెప్పేది), వ్యాకోచ గుణకం (డిగ్రీకి ఎంత పెరుగుతుందో చెప్పేది), పైముఖానికీ అడుగు ముఖానికీ మధ్య ఉష్ణోగ్రత తేడా ఈ మూడింటినీ గుణించి సగం చేసి, దాన్ని బ్రాడ్‌బరీ గుణకంతో గుణించాలి. 30,000 మెగాపాస్కల్, డిగ్రీకి పది లక్షల్లో 10 వంతులు, 16 డిగ్రీలు తీసుకుంటే ఆ సగం విలువ 2.4 మెగాపాస్కల్. ఇది పూర్తిగా అణిచిపెట్టిన పలకకు వచ్చేది.

బ్రాడ్‌బరీ గుణకం పలక పొడవును బట్టి మారుతుంది. పొడవును సాపేక్ష దృఢత్వ వ్యాసార్ధంతో (కింది నేలతో పోలిస్తే పలక ఎంత బిగువో చెప్పే పొడవు) భాగించాలి. 20 సెంటీమీటర్ల పలక, మామూలు మట్టి మీద, అంటే మీటరు కుంగుకు 50 మెగాపాస్కల్ చొప్పున ఎదురు నిలిచే నేల మీద అయితే ఆ వ్యాసార్ధం 0.8 మీటర్లు వస్తుంది. సూత్రం మూడో పాఠంలో ఉంది, మళ్లీ రాయను. 4 మీటర్ల పలకకు భాగఫలం 5, గుణకం 0.72, ప్రతిబలం 1.7 మెగాపాస్కల్. 3 మీటర్లకు గుణకం 0.37 దగ్గర, ప్రతిబలం 0.9. బొబ్బిలి వారి 6 మీటర్లకు గుణకం 1 దాటుతుంది, ప్రతిబలం 2.5. ఎం40 రకం కాంక్రీటు వంపులో తట్టుకోగల లాగుడు 4.4 చుట్టూ ఉంటుంది. అంటే ఆ 6 మీటర్ల పలకలో ఒక్క చక్రం ఎక్కకముందే సగానికి పైగా ఖర్చయిపోయింది.

ఊరి రోడ్లలో 15 సెంటీమీటర్ల మందమూ ఉంటుంది. దానికి వ్యాసార్ధం 0.64 మీటర్లకు పడిపోతుంది, అందుకని అదే 4 మీటర్ల పొడవుకు గుణకం 0.94కు ఎక్కుతుంది. మందం తగ్గిస్తే బలం మాత్రమే తగ్గుతుందనుకుంటారు, వంపు అడ్డగింపు కూడా పెరుగుతుంది. నేను వాడే అడ్డదారి ఒకటుంది: జాయింట్ల దూరం మందానికి 20 రెట్లు దాటనివ్వను. 15 సెంటీమీటర్లకు 3 మీటర్లు, 20కి 4. దీనికంటే ఎక్కువ అనుమతించే సూత్రాలు ఉన్నాయి, ఊరి రోడ్డుకు నేను వాటిని వాడను. కోత ఖర్చు కొంచెం పెరుగుతుంది, పెరగనివ్వండి.

16 డిగ్రీలు ఎక్కడివని ఆమదాలవలస నుంచి అడిగారు. ఐ.ఆర్.సి. 58 పట్టికలో కొండలకూ సముద్రానికీ మధ్య ఉన్న తీర ప్రాంతాలకు 20 సెంటీమీటర్ల మందానికి 15.8 డిగ్రీలు. ఆంధ్రలో తీరానికి దూరంగా ఉన్న మైదానాలకు 19. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు ఒకవైపు బంగాళాఖాతం, మరోవైపు తూర్పు కనుమలు కాబట్టి మొదటిది తీసుకున్నాను. కళింగపట్నం దగ్గర అది సరిపోతుంది. గజపతినగరం దాటి కనుమల వైపు వెళ్లేకొద్దీ సముద్రపు గాలి తగ్గుతుంది, అక్కడ నేనైతే 19తో లెక్క వేస్తాను. రాత్రి తేడాకు 2011 సవరణ తర్వాతి పద్ధతి చాలా సులువు: పగటి తేడాలో సగం తీసుకుని 5 కలపడం. 16కు 13 వస్తుంది.

ఆ 5 ఎందుకు కలపాలి? ఒక కారణం తేమ, ఇంకొకటి పలక గట్టిపడిన వేళ. ముందు తేమ కథ.

పైముఖం గాలికి ఆరుతుంది. అడుగు ముఖం నేల తడిని పట్టుకుని ఉంటుంది, వరి పొలాల మధ్య వేసిన రోడ్డుకైతే మరీను. కాంక్రీటు ఆరితే కుదించుకుంటుంది. ఆరేది ప్రధానంగా పై నాలుగైదు సెంటీమీటర్లే, లోపల చాలాకాలం తడిగానే ఉంటుంది. వేసవిలో చెరువు అడుగు బురద పెచ్చులుగా విడిపోయి అంచులు పైకి లేవడం అందరూ చూసిందే, పలకకూ అదే జరుగుతుంది. పైభాగం అడుగుకంటే పది లక్షల్లో 100 వంతులు ఎక్కువగా కుదించుకుంటే చాలు, పైముఖం 10 డిగ్రీలు చల్లగా ఉన్నంత వంపు వస్తుంది. వానలకు పైముఖం మళ్లీ తడిసి కొంత తగ్గుతుంది, మొత్తం వెనక్కి రాదు. కాబట్టి తేమ వంపు రాత్రి వంపుతో ఎప్పుడూ ఒకే వైపు లాగుతుంది, మధ్యాహ్నం వంపును కొంత మింగేస్తుంది. తెల్లవారుజాము ఎందుకు అంత ప్రమాదమో ఇప్పుడు తెలుస్తుంది.

దీనికి తోడు గట్టిపడే వేళ ప్రభావం. ఉదయం ఎనిమిదికి పోసిన కాంక్రీటు మే నెలలో మిట్టమధ్యాహ్నానికి గట్టిపడుతుంది. అప్పుడు పైముఖం బాగా వేడి. అంటే ఆ పలక చదునుగా ఉన్నదని గుర్తుంచుకున్న స్థితి పైన వేడిగా ఉన్న స్థితి. తర్వాత పైనా కిందా ఒకే ఉష్ణోగ్రతకు వచ్చినా దాని మూలలు లేచే ఉంటాయి, జీవితాంతం. వేసవిలో నాకు నచ్చే వేళ సాయంత్రం నాలుగు తర్వాత. కోత మిషను వాళ్లు అర్ధరాత్రి రావాల్సి వస్తుందని గొణుగుతారు, అయినా అదే మేలు. ఉదయం పోసిన పలకకు ఇంకో గండం ఉంది: ఇంకా జాయింట్లు కొయ్యలేదు, పలక వేడిగా ఉంది, సాయంత్రం ఈదురుగాలులతో వాన దిగింది. పైముఖం నిమిషాల్లో చల్లబడుతుంది, లేత కాంక్రీటు ఆ లాగుడును తట్టుకోలేదు.

పైముఖం నునుపు కోసం పొడి సిమెంటు చల్లి తాపీతో రుద్దే అలవాటును మాత్రం నేను సహించలేను. సిమెంటు పేస్టు ఎక్కువైన పొర మిగతా కాంక్రీటుకంటే ఎక్కువ కుదించుకుంటుంది. వంపుకు కారణమయ్యే పొరనే చేతులారా బలపరచడం అది. నీళ్లు చల్లి రుద్దడమూ అంతే. సిమెంటు బస్తాలు ఎక్కువ వేస్తే రోడ్డు గట్టిదవుతుందనే మాటకూ ఇక్కడ హద్దుంది, పేస్టు పెరిగితే కుదింపు పెరుగుతుంది. గోనె సంచులు కప్పి 14 రోజులు తడపడం తప్పనిసరి. కాంక్రీటు లాగుడు బలం పెంచుకునేదాకా ఆరకుండా అది కాపాడుతుంది, తర్వాతి కుదింపును మాపదు. ఇనుప జాలీ వేస్తే వంగదా అని అడిగారు. వంగుతుంది. జాలీ పగులును బిగించి పట్టుకుంటుంది, అంతవరకే.

వెస్టర్‌గార్డ్ లెక్కలో పలక అంతటా నేలను అంటుకునే ఉంటుంది, ఉష్ణోగ్రత ఒకే వాలున మారుతుంది. నిజంలో మూలలు నేలను వదిలేస్తాయి, ఉష్ణోగ్రత పై పొరలో వేగంగా, కింద నెమ్మదిగా మారుతుంది. ఖాళీ ఏర్పడిన మూల కింద వాననీరు చేరితే, చక్రం దిగిన ప్రతిసారీ జాయింటులోంచి బురద చిమ్ముతుంది. పోయిన వానాకాలంలో ఆ బురదను చూసి నేల మెత్తబడిందనుకున్నవారు కింద ఖాళీ ఉందేమో మళ్లీ ఒకసారి మూలను సుత్తితో తట్టి చూడండి.

అభ్యాసం. బళ్లు పెద్దగా తిరగని వీధిలో, రోజంతా ఎండ పడే పలక ఒకటి ఎంచుకోండి, చెట్టు నీడ సగం పడేది వద్దు. 3 మీటర్ల అల్యూమినియం పట్టీని పలక కర్ణం వెంట పెట్టి రెండు చివరలూ పెయింటుతో గుర్తు పెట్టండి. పట్టీ రెండు చివరల కిందా ఒకే మందం ఉన్న చిన్న ఇనుప బిళ్లలు ఉంచి, నడుమ పట్టీకీ పలకకూ మధ్య సందును కొలవండి. మోటారు సైకిల్ మెకానిక్ దగ్గర ఉండే ఫీలర్ గేజ్ చాలు. తెల్లవారి అయిదుకు, పది గంటలకు, రెండింటికి, సాయంత్రం ఆరింటికి ఒకే రోజున. విడి కొలతలను నమ్మకండి, పోసినప్పటి ఎత్తుపల్లాలు అందులో కలిసి ఉంటాయి. కొలతల మధ్య తేడానే రాయండి. పూర్తి స్వేచ్ఛగా వంగే 20 సెంటీమీటర్ల పలకకు అయిదింటికీ రెండింటికీ మధ్య ఆ తేడా 1.35 మిల్లీమీటర్లు రావాలి. ఇందులో రాత్రికి కలిపే 5 డిగ్రీలు ఎందుకు చేరవో మీరే రాయండి. మీకు వచ్చిన తేడా 1.35 కంటే ఎంత తక్కువో చూసి, మీ పలక ఎంతవరకు అణిచిపెట్టబడిందో అంచనా కట్టండి. తర్వాత మీ పలక పొడవు, మందంతో బ్రాడ్‌బరీ గుణకం తీసి పక్కన పెట్టండి. రెండూ ఒక దారిన పోకపోతే కొలత మళ్లీ చేయండి, అప్పుడూ కుదరకపోతే పలక మందం నిజంగా ఎంత పోశారో రోడ్డు అంచున తవ్వి చూడండి.