పాత కంప్యూటర్ నుంచి కొత్తదానికి మారడం ఎలా?

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర మా మేనమామకు డీటీపీ దుకాణం ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, రసీదు పుస్తకాలు చేస్తారు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ మామ పాత కంప్యూటర్‌లో లేదు. అందుకే కొత్తది కొన్నాం, ఫైళ్లన్నీ నేనే మార్చాను.

సాయంత్రం ఒక పాత శుభలేఖ తెరిస్తే ‘శ్రీరస్తు శుభమస్తు’ ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, చుక్కలు కనిపించాయి. ‘అల్లుడూ, నా తెలుగు ఏమైంది?’ అన్నారు మామ. ఆ ముఖం చూసి నాకు గుండె జారిపోయింది. నిజానికి ఫైలు చెడిపోలేదు, నేను ఫాంట్లు తేలేదు. అలాంటి కంగారు మీకు రాకూడదనే వరుసగా చెబుతున్నాను.

1. ముందు జాబితా రాయండి

కాగితం మీద రెండు వరుసలు గీయండి. ఒకవైపు మీరు తయారుచేసినవి: ఫొటోలు, పత్రాలు, లెక్కలు. రెండోవైపు మీరు వాడే ప్రోగ్రాములు. మొదటివి కాపీ చేస్తే వచ్చేస్తాయి, రెండోవి రావు. ప్రోగ్రామును ఇన్‌స్టాల్ చేసినప్పుడు దాని వివరాలు రిజిస్ట్రీలోనూ (విండోస్ తన సెట్టింగులు రాసుకునే చిట్టా), వేరే ఫోల్డర్లలోనూ చేరతాయి. కనుక ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌ను ఎత్తి కొత్తదాంట్లో పెట్టినంత మాత్రాన చాలా ప్రోగ్రాములు పనిచేయవు. వాటిని మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిందే. సీడీలు, లైసెన్సు నంబర్లు, కొన్నప్పటి ఈమెయిళ్లు ఇప్పుడే వెతికి పెట్టుకోండి.

లెక్కలు రాసే టాలీ ప్రోగ్రామును వాడేవారు పాత కంప్యూటర్‌లో లైసెన్సును సరెండర్ చేసి, తర్వాత కొత్తదాంట్లో యాక్టివేట్ చేసుకోవాలి. లెక్కల బ్యాకప్ మాత్రం అంతకంటే ముందే తీసుకోండి.

2. ఫైళ్లు కాపీ చేయండి

ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఒకటి ఉంటే చాలు. యూఎస్‌బీ 2.0 గరిష్ఠ వేగం సెకనుకు 480 మెగాబిట్లు, 3.0కు 5 గిగాబిట్లు. లోపల నీలం రంగు ఉన్న పోర్టు సాధారణంగా 3.0 అయి ఉంటుంది, ఉంటే దానికే తగిలించండి. పెద్ద వీడియో పెన్‌డ్రైవులోకి ఎక్కనంటే అది ఫ్యాట్32 పద్ధతిలో ఉందేమో చూడండి. అందులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేస్తే సరిపోతుంది, కాకపోతే ముందు అందులో ఉన్నవి వేరేచోట దాచుకోవాలి.

సి డ్రైవులో యూజర్స్ ఫోల్డర్, అందులో మీ పేరుతో ఉన్న ఫోల్డర్ తెరవండి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ అక్కడే ఉంటాయి. డి డ్రైవు ఉంటే అదీ చూడండి. మా మామ పదేళ్ల శుభలేఖలు డి డ్రైవులో ‘కొత్తవి’ అనే ఫోల్డర్‌లో ఉన్నాయి. కాపీ జరుగుతుండగా కరెంటు పోతే పని సగంలో ఆగుతుంది, అందుకే యూపీఎస్ మీదే చేయండి.

3. ఫాంట్లు మరవకండి

తెలుగులో పనిచేసేవారికి అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఉండే పద్ధతి) కాని పాత ఫాంట్లతో టైపు చేసిన ఫైల్లో ఉండేవి చాలావరకు ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలే. వాటికి తెలుగు రూపం ఇచ్చేది ఫాంటు. అది లేకపోతే ‘శ్రీ’ కూడా పిచ్చిగీతే. ఫాంట్ల సీడీ ఉంటే దానితోనే వేసుకోండి, తెలుగు టైపు చేసే కీబోర్డు ప్రోగ్రాము కూడా సాధారణంగా దానితోపాటే వస్తుంది. సీడీ పోయిందా? పాత కంప్యూటర్‌లో సి డ్రైవు, విండోస్, ఫాంట్స్ ఫోల్డర్‌కు వెళ్లి, మీరు కొన్న ఫాంట్లను కాపీ చేసుకోండి. కొత్తదాంట్లో వాటిని ఎంచుకుని కుడి క్లిక్ చేస్తే ఇన్‌స్టాల్ అని కనిపిస్తుంది. మేమూ అలాగే చేశాం. శుభలేఖ మూసి మళ్లీ తెరిచేసరికి వధూవరుల పేర్లు ఒత్తులతో సహా నిలబడ్డాయి.

4. కంటికి కనిపించనివి

బ్రౌజర్ బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు డాక్యుమెంట్స్‌లో ఉండవు. పాతదాంట్లో మీ ఖాతాతో సింక్ ఆన్ చేసి, కొత్తదాంట్లో అదే ఖాతాతో లాగిన్ అవ్వండి. ఈమెయిళ్లకు అవుట్‌లుక్ వాడితే, మెయిళ్లు దాచే పీఎస్‌టీ ఫైలు ఉందేమో వెతికి తీసుకోండి.

5. ప్రోగ్రాములు, ప్రింటరు

ప్రోగ్రాములను తయారీ సంస్థల వెబ్‌సైట్ల నుంచే తెచ్చుకోండి. విండోస్ 11 కేవలం 64 బిట్‌లో వస్తుంది, బాగా పాతకాలపు 16 బిట్ ప్రోగ్రాములు అందులో నడవవు. పాత ప్రింటరుకు 64 బిట్ డ్రైవరు (ప్రింటరును కంప్యూటర్ నడపడానికి కావాల్సిన ప్రోగ్రాము) ఉందో లేదో కొత్త కంప్యూటర్ కొనకముందే చూసుకోవడం మంచిది.

6. సరిచూసి, అప్పుడే తుడవండి

పాత ఫోల్డర్ మీద, కొత్త ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య పోల్చండి. ఆపైన ప్రతి రకం ఫైలూ ఒకటైనా తెరిచి చూడండి. సంఖ్య సరిపోయినా అక్షరం కనిపించకపోవచ్చని మేం కళ్లారా చూశాం.

పాతదాన్ని కనీసం రెండు నెలలు కదపకండి. అమ్మేటప్పుడు సెట్టింగ్స్‌లో ‘రీసెట్ దిస్ పీసీ’ ఎంచుకుని, అన్నీ తొలగించే మార్గంలో డ్రైవును శుభ్రం చేసే ఎంపికను కూడా ఆన్ చేయండి. మా మామ పాత కంప్యూటర్ ఇంకా దుకాణం మూలన బట్ట కప్పుకుని ఉంది, మాఘమాసం పెళ్లిళ్లు అయ్యేదాకా దాన్ని అక్కడే ఉంచమన్నాను.