రేడియేషన్ అయిన రొమ్ము మీద దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చ వస్తే ఏం చేయాలి

రొమ్ము క్యాన్సర్‌కి రేడియేషన్ అయిపోయి ఏళ్లు గడిచాక, ఎక్కడా తగిలించుకోకుండానే ఆ చర్మం మీద కమిలినట్టు మచ్చ కనిపిస్తే "అదే పోతుందిలే" అని వదిలేయకండి. చాలాసార్లు అది మామూలుదే అయి ఉంటుంది. కానీ యాంజియోసార్కోమా అనే అరుదైన క్యాన్సర్ కూడా మొదట్లో అచ్చం ఇలాగే ఉంటుంది. రక్తనాళాల లోపలి పొరలో పుడుతుంది కాబట్టి చాలామందికి గడ్డగా చేతికి తగలకముందే చర్మం రంగు మారి బయటపడుతుంది.

ఇది రేడియేషన్ తీసుకున్న వెయ్యి మందిలో సుమారు ఒక్కరికి వస్తుంది, అంతే. రొమ్ము తీసేయకుండా గడ్డ మాత్రమే తీసిన వాళ్లకు రేడియేషన్ ఇస్తే క్యాన్సర్ తిరగబెట్టే అవకాశం దాదాపు సగానికి తగ్గుతుంది. కాబట్టి ఇది చదివి భయపడి ఎవరూ రేడియేషన్ మానుకోవద్దు, దయచేసి.

ఎక్కువగా రేడియేషన్ అయిన 5 నుంచి 10 ఏళ్ల మధ్య కనిపిస్తుంది, కొందరికి ఇంకా ముందే. సరిగ్గా అప్పటికి డాక్టర్ దగ్గరికి వెళ్లడం తగ్గిపోయి ఉంటుంది, అందుకే మన కళ్లే ముఖ్యం. నెలకోసారి మంచి వెలుతురులో అద్దం ముందు నిలబడి, రొమ్ము ఎత్తి కింది మడత, ఆపరేషన్ గీత, చంక అన్నీ చూసుకోండి. రొమ్ము పూర్తిగా తీసేసిన వాళ్లు ఛాతీ చర్మం చూసుకోవాలి. చేయి ఏళ్ల తరబడి వాచి ఉన్నవాళ్లు ఆ చేతిని కూడా చూసుకోవాలి, అక్కడ కూడా ఇదే రకం క్యాన్సర్ రావచ్చని 1948లోనే స్టీవార్ట్, ట్రీవ్స్ అనే డాక్టర్లు రాశారు.

ఎరుపు, ఊదా, నీలం రంగు మచ్చలు, చిన్న బుడిపెలు, చర్మం మందం కావడం, తాకితే రక్తం రావడం గమనించాలి. చామనఛాయ, నలుపు చర్మం మీద ఎరుపు తెలియదు, మచ్చ ఇంకా నల్లగా కనిపించొచ్చు. నొప్పి లేదు కదా అని ఊరుకోకండి, చాలామందికి ఉండదు. తేదీతో ఫోటో తీసి, పక్కన స్కేలు పెట్టి కొలత ఉంచుకుంటే పెరుగుతోందో లేదో తెలుస్తుంది.

డాక్టర్‌కి మొట్టమొదట చెప్పాల్సింది "ఇక్కడ ఫలానా సంవత్సరంలో రేడియేషన్ అయింది" అని. ఇన్ఫెక్షన్ అనుకుని మందులిస్తే వాడండి, కానీ రెండు వారాల్లో తగ్గకపోతే బయాప్సీ (ముక్క తీసి చేసే పరీక్ష) గురించి మీరే అడగండి. మామోగ్రామ్ బాగుందంటే ఇది లేదని కాదు, ఇది చాలాసార్లు అందులో కనిపించదు! సన్న సూదితో తీసే పరీక్ష కూడా సరిపోదు, చర్మం ముక్క తీసి చూడాలి. రిపోర్టులో ఏమీ లేదని వచ్చినా మచ్చ పెరుగుతుంటే మళ్లీ బయాప్సీ చేయమనండి, మొదటిసారి సరైన చోటు దొరక్కపోవచ్చు. ల్యాబ్‌కి పంపే కాగితంలో రేడియేషన్ సంగతి రాయించండి, ఎందుకంటే రేడియేషన్ వల్ల వచ్చే మామూలు రక్తనాళాల మచ్చలకీ దీనికీ తేడా తేల్చడానికి మిక్ అనే జన్యువు పరీక్ష చేస్తారు, అసలు విషయం తెలిస్తేనే వాళ్లకి ఆ ఆలోచన వస్తుంది.

ఇదే అని తేలితే ఆపరేషన్‌కి తొందరపడకుండా, అలాగని నెలలు ఆగకుండా, సార్కోమాలు (రక్తనాళాలు, కండరం, కొవ్వు లాంటి వాటిలో పుట్టే క్యాన్సర్లు) చూసే అనుభవమున్న డాక్టర్ల బృందాన్ని కలవండి. కంటికి కనిపించే అంచు దాటి పాకి ఉంటుంది కాబట్టి వెడల్పుగా తీయాలి, చాలావరకు రొమ్ము మొత్తం తీసేస్తారు, కొందరికి పాక్లిటాక్సెల్ లాంటి కీమో కూడా ఇస్తారు. వెళ్లేటప్పుడు పాత రేడియేషన్ కాగితాలు, బయాప్సీ స్లైడ్లు, మీరు తీసిన ఫోటోలు అన్నీ పట్టుకెళ్లండి.