సార్వా ఊడ్పులకు ముందు: ప్యాక్లిటాక్సెల్ ఎక్కించుకుంటున్నవాళ్లు పాదాలు చూసుకోండి

జూన్‌లో కాలువలకు నీళ్లొదిలారంటే మన డెల్టాలో ఆడవాళ్లకు ఇంట్లో కాలు నిలవదు. కిందటేడు మా పెద్దమ్మా అంతే. రొమ్ము క్యాన్సర్‌కి ప్యాక్లిటాక్సెల్ అనే మందు ఎక్కిస్తుండగానే నారుమడి చూసొస్తానని గట్టు మీదికెళ్లింది. తిరిగొచ్చేసరికి ఒక కాలికి చెప్పు లేదు. అరికాల్లో నత్తగుల్ల ముక్క దిగి ఉంది. రెండూ ఆమెకు తెలియలేదు.

మన కణాల్లో మైక్రోట్యూబ్యూల్స్ అని 25 నానోమీటర్ల మందం గొట్టాలుంటాయి. కణం రెండుగా చీలాలంటే అవి పెరుగుతూ, విడిపోతూ ఉండాలి. ఈ మందు గొట్టం లోపలి గోడకు అతుక్కుని విడిపోనివ్వదు. 1979లో అమెరికా శాస్త్రవేత్త సుసాన్ హార్విట్జ్ బృందం ఈ సంగతి కనిపెట్టింది. క్యాన్సర్ కణం చీలలేక చస్తుంది. విడిపోదంటే గట్టిపడిందనుకుంటాం గానీ, చాలా కొలతల్లో ఆ గొట్టం మామూలుకంటే తేలిగ్గా వంగింది. నరాల్లో సరుకు నడిచేదీ ఈ గొట్టాల మీదే. నడుం నుంచి కాలివేళ్లకు వెళ్లే నరం మీటరు పొడవుంటుంది. శివారు చేలకు నీరందనట్టు, ముందు దెబ్బతినేది ఆ కొసే. అక్కడ తిమ్మిర్లొచ్చి స్పర్శ తగ్గుతుంది.

అందుకే ఈ ఒక్క సార్వాకి చేలో దిగకండి. ఈ మందుకు తెల్లకణాలు తగ్గి ఉంటాయి, ఎలుకల మూత్రం కలిసిన బురదతో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు రావచ్చు. ఇంటి చుట్టూ తిరిగినా మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి. రాత్రిపూట ఇంకొకరితో టార్చి వేయించి అరికాళ్లు, వేళ్ల సందులు, మెట్టెల కింద చూపించుకోండి. వేణ్ణీళ్లు కాలితో కాదు, మోచేత్తో చూడండి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే మాత్ర మింగి తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నరాల బలానికని సొంతంగా మాత్రలు కొనకండి. అసిటైల్ ఎల్ కార్నిటిన్ ఉన్నవి ఈ తిమ్మిర్లను ఇంకా పెంచాయని పరీక్షల్లో తేలింది.

జాకెట్టు హుక్కు పెట్టుకోవడం కష్టమైనా, చెప్పు జారినా, తర్వాతి డోసుకు ముందే డాక్టరుగారికి చెప్పండి. డోసు తగ్గించొచ్చు, ఆపి చూడొచ్చు. మా పెద్దమ్మ వయసు తిమ్మిర్లే అనుకుని మూడు విడతలు నోరు విప్పలేదు. ఏడాదైనా ఆమె కుడి బొటనవేలికి ఇంకా స్పర్శ లేదు.