ఫైబర్ ఫోన్ లైన్ మీద పాత ఫ్యాక్స్ మెషీన్
చీమకుర్తి గ్రానైట్ ఆఫీసులో రాగితీగ లైన్ తీసేసి ఫైబర్ ఇచ్చాక ఫ్యాక్స్ సగం పేజీకే ఆగిపోయేది. మాటలు మాత్రం శుభ్రంగా వినపడేవి. తిరకాసు కోడెక్‌లో, అంటే శబ్దాన్ని డేటాగా మార్చే పద్ధతిలో ఉంది: జి.729 అనే కోడెక్ మనిషి గొంతుకు తగ్గట్టు కుదిస్తుంది, ఫ్యాక్స్ కూతలు అందులో చెడిపోతాయి. ఫ్యాక్స్‌ని ఫైబర్ లైన్‌కి కలిపే అడాప్టర్‌లో అంతగా కుదించని జి.711 ఎ-లా కోడెక్ ఒక్కటే ఉంచి, సైలెన్స్ సప్రెషన్ (మాట లేనప్పుడు శబ్దం పంపకపోవడం) ఆపేశాం. సర్వీసువాళ్లు టి.38 (ఇంటర్నెట్ లైన్ మీద ఫ్యాక్స్ పంపేందుకే ఉన్న పద్ధతి) ఇస్తే ఇంకా మేలు, అడిగి చూడండి.

తర్వాత మెషీన్ మెనూలో వేగం సెకనుకు 14,400 బిట్ల నుంచి 9,600కి దించాలి. ఇ.సి.ఎం. (తప్పుల్ని సరిదిద్దే ఏర్పాటు) కూడా ఆపాలి. దారిలో డేటా ప్యాకెట్లు పోయినప్పుడల్లా చెడిన ముక్కల్ని మళ్లీ మళ్లీ అడిగి, చివరికి కాల్ తెగేలా చేసేది అదే. ఆపితే అక్కడక్కడా ఓ గీత చెదురుతుంది. ఇన్‌వాయిస్‌కి పర్లేదు, సంతకాల కాగితమైతే సరిచూసుకోవాలి. అడాప్టర్‌లో జిట్టర్ బఫర్‌ని (ముందూవెనకగా వచ్చే ప్యాకెట్లను కాసేపు ఆపి సమంగా వదిలేది) తనంతట మారే అడాప్టివ్‌లో వదలొద్దు, ఫిక్స్‌డ్‌లో పెట్టండి. మధ్యలో టైమింగ్ అటూఇటూ జరిగితే రెండు వైపుల ఫ్యాక్స్ మోడెమ్‌లకు పొత్తు కుదరదు.