చలికాలంలో డీజిల్: అడిటివ్ డబ్బా ఎవరికి కావాలి, ఎలా పోయాలి

వరంగల్‌లో డిసెంబర్, జనవరి తెల్లవారుజామున చలి 10, 12 డిగ్రీలకు దిగుతుంది. ఆదిలాబాద్, సిర్పూర్ వైపు 5 డిగ్రీల దగ్గరికి, కొన్నిసార్లు అంతకన్నా కిందికి పోతుంది. ఆ చలిలో బండి మొరాయించగానే చాలామంది డీజిల్‌లో కలిపే చలికాలపు మందు, అంటే అడిటివ్, డబ్బా కొంటారు. దానికన్నా ముందు చూడాల్సింది ఆ డీజిల్ ఏ నెలలో కొన్నదో.

డీజిల్‌లో మైనం సహజంగానే ఉంటుంది. చల్లబడితే కొబ్బరినూనె పేరుకున్నట్టే, ముందు తెల్లబారి, తర్వాత సన్నటి పలుకులై ఫిల్టర్ కాగితాన్ని మూసేస్తుంది. అప్పటికి ట్యాంకులో డీజిల్ ఇంకా పారుతూనే ఉంటుంది, ఫిల్టర్ మాత్రం దాటదు. ఫిల్టర్ మూసుకుపోయే ఈ ఉష్ణోగ్రతకు మన దేశ ప్రమాణం ఐఎస్ 1460 రెండు హద్దులు పెట్టింది: నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అమ్మే డీజిల్‌కు 6 డిగ్రీలు, మిగతా నెలల్లో 18 డిగ్రీలు. అంటే చలికాలంలో బంకుకు వచ్చే డీజిల్ మన చలికి తగ్గట్టే వస్తుంది. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్‌లలో రోజూ తిరిగే బండికి డబ్బా అక్కర్లేదు.

భయమంతా పాత సరుకుతోనే. కోతల కోసం సెప్టెంబర్‌లో డ్రమ్ముకు పోయించి మిగిలిన డీజిల్, నెలల తరబడి కదలని జనరేటర్ ట్యాంకు, షెడ్డులో నిలిపిన హార్వెస్టర్: వీటిలో ఉన్నది 18 డిగ్రీల హద్దు డీజిల్ కావచ్చు. అందుకే డ్రమ్ము మీద కొన్న నెల పెయింటుతో రాసి పెట్టండి.

అనుమానముంటే ఇలా చూడండి. తెల్లటి గాజు సీసాలో పావు లీటరు డీజిల్ పట్టి, మూత పెట్టి, రాత్రంతా బండి పక్కనే ఆరుబయట ఉంచండి. తెల్లారక ముందే వెలుతురుకు ఎత్తి చూడండి. సీసా అడుగున వేరుగా గుండ్రటి బొట్లు, పొర కనిపిస్తే అది నీళ్లు. సీసా అంతా మసకబారి, పలుకులు తేలుతూ, గోరువెచ్చని నీళ్లలో పెట్టగానే కరిగిపోతే అది మైనం. మన దగ్గర ఎక్కువసార్లు బయటపడేది నీళ్లే. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి గాలి తేమ చెమ్మగిల్లి దిగుతుంది. సాయంత్రమే ట్యాంకు నింపండి, డీజిల్ నుంచి నీళ్లు వేరుచేసే వాటర్ సెపరేటర్ కింది మర వదులు చేసి శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదలండి. డ్రమ్ము నుంచి తోడేటప్పుడు పైపు అడుగుకు తగలకుండా బెత్తెడు పైన ఉంచండి.

మైనమే అయితే ఆ పాత డీజిల్‌ను మధ్యాహ్నపు ఎండలో, నవంబర్ తర్వాత కొన్న డీజిల్‌తో సగానికి సగం కలిపి వాడేయండి. అడిటివ్ పోయాలంటే డీజిల్ వెచ్చగా, తేటగా ఉన్నప్పుడే పోయాలి. అది మైనాన్ని కరిగించదు. పలుకులు పెద్దవి కాకుండా ఆపుతుంది. పేరుకున్నాక పోస్తే డబ్బు దండగ. మోతాదు డబ్బా మీద ఉన్నంతే: 1000కి 1 అని ఉంటే 200 లీటర్లకు 200 మిల్లీలీటర్లు. ముందు అడిటివ్ పోసి, దాని మీద డీజిల్ కొట్టిస్తే ఆ ధారకే కలిసిపోతుంది.

కిరోసిన్ కలపడం పాత అలవాటు. ఇప్పుడది వద్దే వద్దు. ఇప్పటి బండ్లలో డీజిల్‌ను ఎక్కువ ఒత్తిడితో ఇంజెక్టర్లకు పంపే కామన్ రైల్ పంపుకు డీజిలే కందెన. కిరోసిన్‌కు ఆ జిడ్డు లేదు, పంపు అరిగి ఆ రజను ఇంజెక్టర్లలోకి చేరుతుంది. పెట్రోల్ అసలే కలపకూడదు, నిప్పు ప్రమాదం.

పొద్దున బండి స్టార్ట్ కాకపోతే సెల్ఫ్ చప్పుడు వినండి. మెల్లగా తిరిగితే తప్పు డీజిల్‌ది కాదు, బ్యాటరీది. 12 వోల్టుల బ్యాటరీ సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 వోల్టుల కన్నా కిందికి పడిపోకూడదు. జోరుగా తిరుగుతూ తెల్ల పొగ వదిలితే హీటర్ ప్లగ్గులు, లైనులో ఎయిర్ చూడండి. స్టార్ట్ అయి, రెండు మూడు నిమిషాల్లో గుంజుడు తగ్గి ఆగిపోతే ఫిల్టర్ మూసుకుంది. వేడినీళ్లలో తడిపిన గుడ్డ ఫిల్టర్‌కు చుట్టి పావుగంట ఆగండి. ట్యాంకు కింద మంట పెట్టకండి. ఫిల్టర్ మార్చాల్సి వస్తే కొత్తదాంట్లో చేత్తో డీజిల్ పోయకండి, మురికి నేరుగా పంపులోకి పోతుంది; హ్యాండ్ పంపు గట్టిపడేదాకా కొట్టండి. కామన్ రైల్ బండిలో ఎయిర్ తీయడానికి ఇంజెక్టర్ పైపులు వదులు చేయొద్దు. అందులో 1000 బార్ దాటే ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది.

ఏనుమాముల మార్కెట్ నుంచి మిర్చి ఎత్తుకుని కశ్మీర్ దాకా వెళ్లే లారీల సంగతి వేరు. ఇక్కడి డీజిల్‌కు అక్కడి మైనస్ చలిని తట్టుకునే హద్దు లేదు. జమ్ము చేరేలోగా ట్యాంకు తగ్గించుకుని, అక్కడే పగటిపూట అడిటివ్ పోసి నింపుకోండి, ఘాట్ ఎక్కాక రాత్రి ఆగే ముందు స్థానిక బంకులో మళ్లీ నింపండి. లద్దాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని ప్రత్యేక డీజిల్ తెచ్చింది. అటు వెళ్తే అదే అడగండి. బీఎస్-6 లారీల్లో పొగను శుభ్రం చేయడానికి వేరే ట్యాంకులో పోసే యూరియా ద్రావణం మైనస్ 11 దగ్గర గడ్డకడుతుంది. దాంట్లో ఏ అడిటివ్ పోయకండి, కూలెంట్ అసలే వద్దు. ఇంజన్ స్టార్ట్ అయ్యాక ట్యాంకులోని హీటరే దాన్ని కరిగిస్తుంది.